90 మి.మీ. పైపులో 80 మి.మీ. లెన్స్: ఒంగోలులో టెలిస్కోప్ కట్టిన అనుభవం

వక్రీభవన టెలిస్కోప్ అంటే ముందు పెద్ద లెన్స్, వెనక కన్ను ఆనించి చూసే చిన్న లెన్స్ (ఐపీస్), మధ్యలో గొట్టం. బొమ్మ కట్టే పనంతా ముందున్న లెన్సే చేసుకుంటుంది. ఆ లెన్స్ గొట్టానికి వంకర లేకుండా నిలబడాలి, బిగుసుకుపోకుండా కాస్త వదులుగా ఉండాలి, గొట్టం లోపల చీకటిగా ఉండాలి. ఈ మూడూ చూసుకోవడమే మన పని. నేను కట్టినదాంట్లో బొమ్మ చెడిన ప్రతిసారీ తప్పు ఈ మూడింట్లోనే దొరికింది, లెన్స్ మార్చాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. అందుకే ఇక్కడ లెన్స్ గురించి కొంచెం, దాన్ని పట్టుకునే పైపు గురించి ఎక్కువ రాస్తున్నాను. పైపులు, ఎండ్ క్యాపులు, ప్లైవుడ్ అన్నీ ఒంగోలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికినవే. లెన్స్, ఐపీస్‌లు, చూపుని మలుపు తిప్పే డయాగనల్ అద్దం మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొత్తం ఖర్చులో మూడొంతులు వాటికే అయింది.

అంత డబ్బు పెట్టేముందు కళ్లజోడు అద్దంతో ఒక గొట్టం కట్టి చూడమంటాను. కళ్లద్దాల షాపులో +1.00 పవర్, సింగిల్ విజన్, ఫ్రేముకి కోయని గుండ్రటి అద్దం కావాలని అడగాలి. 65 లేదా 70 మి.మీ. వ్యాసంతో వస్తుంది. 1000ని పవర్‌తో భాగిస్తే మిల్లీమీటర్లలో నాభ్యంతరం, అంటే లెన్స్ నుంచి దూరపు వస్తువు బొమ్మ పడే చోటికి ఉన్న దూరం, వస్తుంది. +1.00 అంటే మీటరు, +2.00 అంటే అర మీటరు. +2.00 అద్దంతో గొట్టం పొట్టిగా, పట్టుకోవడానికి సులువుగా ఉంటుంది కానీ బొమ్మ మాత్రం బాగుండదు.

కారణం రంగులు. ఒంటి లెన్స్ ఎరుపునీ నీలాన్నీ ఒకేచోట చేర్చలేదు. కళ్లజోడు ప్లాస్టిక్‌కి ఆబే సంఖ్య (రంగుల్ని ఎంత తక్కువగా చీలుస్తుందో చెప్పే అంకె) 58 ఉంటుంది. నాభ్యంతరాన్ని దాంతో భాగిస్తే రెండు రంగుల ఫోకస్‌ల మధ్య దూరం తెలుస్తుంది: 1000ని 58తో భాగిస్తే 17 మి.మీ. పైమాటే. అద్దం మొత్తం తెరిచి చంద్రుణ్ణి చూస్తే ఊదారంగు పొగలో ముంచినట్టు ఉంటుంది. నల్ల చార్టు ముక్కకి 25 మి.మీ. రంధ్రం చేసి అద్దం ముందు పెడితే ఆ పొగ చాలావరకు పోతుంది. వెలుతురు తగ్గినా బొమ్మకి అంచు వస్తుంది. 25 మి.మీ. నాభ్యంతరం ఉన్న ఐపీస్‌తో (1000ని 25తో భాగిస్తే) 40 రెట్లు పెద్దదిగా చంద్రుడి గుంటలు, గురుడి నాలుగు చందమామలు కనిపిస్తాయి. శని మాత్రం కోలగా ఉబ్బినట్టు ఉంటుంది. 17వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రవేత్త హెవీలియస్ 150 అడుగుల టెలిస్కోప్ కట్టింది ఈ రంగుల బాధ పడలేకే. నాభ్యంతరం ఎంత పొడుగైతే రంగు అంత మరుగున పడుతుంది.

ఆ బాధ తప్పించింది అక్రోమాట్. క్రౌన్ గాజు లెన్స్ ఒకటి, ఫ్లింట్ గాజు లెన్స్ ఒకటి పక్కపక్కన పెట్టి, ఒకటి చీల్చిన రంగుల్ని రెండోది దగ్గరికి చేర్చే ఏర్పాటు అది. దీనిమీద ఇంగ్లండ్‌లో లెన్స్‌లు చేసే జాన్ డోలండ్ 1758లో పేటెంట్ తీసుకున్నాడు. నేను ఎంచుకున్నది 80 మి.మీ. వ్యాసం, 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న అక్రోమాట్. దీంట్లోనూ రంగు పూర్తిగా పోదు. రెండు రంగులు కలిశాక మూడోది నాభ్యంతరంలో సుమారు రెండువేలో వంతు దూరంలో మిగులుతుంది, అంటే అర మిల్లీమీటరు లోపు. 17 మి.మీ. ఎక్కడ, అర మిల్లీమీటరు ఎక్కడ! నిండు చంద్రుడి అంచున సన్నటి ఊదా గీత కనిపిస్తే లెన్స్ పాడైందని కంగారు పడొద్దు, అక్రోమాట్ స్వభావమే అంత. అదే వ్యాసంలో 400 మి.మీ. నాభ్యంతరం లెన్స్‌లు కూడా అమ్ముతారు. పొట్టి గొట్టానికి ఆశపడి కొంటే గ్రహాల చుట్టూ ఊదారంగు తప్పదు. ఇంట్లో కట్టుకునేవాళ్లకి పొడుగు లెన్సే మేలు, చిన్న చిన్న తప్పుల్ని కూడా ఓర్చుకుంటుంది.

లెన్స్ చేతికి రాగానే అంచున పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టాలి, బాణం ఆకాశం వైపు ఉండాలి. రెండు వైపులా ఉబ్బిన క్రౌన్ ముందుకి, దాదాపు చదునుగా ఉండే ఫ్లింట్ వెనక్కి. తిరగేసి పెడితే బొమ్మ వస్తుంది కానీ ఎంత తిప్పినా ఫోకస్ ఒకచోట పడదు. రెండు గాజుల మధ్య మూడు చిన్న రేకు ముక్కలు ఉండే రకమైతే విడదీయనే వద్దు. విడదీయాల్సి వస్తే రెండింటి అంచుల మీదా కలిపి ఒక V గీసి, మళ్లీ ఆ V కలిసేలానే చేర్చాలి.

పెట్టెమీద రాసిన నాభ్యంతరాన్ని నమ్మి పైపు కోయకూడదు. రాత్రిపూట కిలోమీటరుకి తక్కువ కాని దూరంలో ఉన్న టవర్ దీపాన్ని లెన్స్‌తో తెల్లకాగితం మీద పడేసి, బొమ్మ అతి చిన్నదిగా ఉన్నచోట టేపుతో కొలవాలి. కిలోమీటరు దూరానికి వచ్చే తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నా లెన్స్ 905 మి.మీ. వచ్చింది. ఇకమీద లెక్కలన్నీ 905తోనే.

పైపు బోర్లకి, పొలాలకి వేసే బూడిదరంగు 90 మి.మీ. పీవీసీ. 90 అనేది బయటి వ్యాసం. నేను తెచ్చినదానికి గోడ మందం 2.8 మి.మీ., లోపలి వ్యాసం 84.4. షాపుకి వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లి చివర్లని రెండు దిక్కుల్లో కొలవండి. ఎండలో ఒకదానిమీద ఒకటి పేర్చిన పైపులు నొక్కుకుపోయి కోలగా మారతాయి. రెండు కొలతల మధ్య అర మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే వేరే పైపు అడగండి. నాకు మూడో పైపు కుదిరింది.

ఇక కోత. షాపులో కోసిచ్చిన చివర చూపుకి బాగానే ఉంటుంది, మూలమట్టం పెడితే రెండు మిల్లీమీటర్లు ఏటవాలు. 90 మి.మీ. మీద 2 మి.మీ. అంటే డిగ్రీకి పైనే. ఆ అంచుని నమ్ముకుని పెట్టిన లెన్స్ కూడా అంతే వంగుతుంది. పెద్ద కాగితాన్ని పైపు చుట్టూ చుట్టి, కాగితం అంచు తన అంచుమీదే సరిగ్గా పడేలా లాగి పట్టుకుని గీత గీస్తే అది పైపుకి నిఖార్సుగా అడ్డంగా ఉంటుంది. దాని బయట ఒక మిల్లీమీటరు వదిలి, పైపుని కొంచెం కొంచెం తిప్పుతూ హాక్సాతో కోయాలి. ఒకే వైపు నుంచి కిందికి దించితే బ్లేడు పక్కకి పోతుంది.

మిగిలిన ఆ మిల్లీమీటరుని తీయడానికి మన జిల్లాలో దొరికినంత మంచి సాధనం ఇంకెక్కడా సులువుగా దొరకదేమో. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాతిలో చుక్కల్లా మెరుస్తూ ఉంటుంది, పాలిష్ పట్టిన ముఖం చాలా చదునుగా ఉంటుంది. వంటగట్టు పనుల్లో మిగిలిన అడుగు చదరపు ముక్క ఒకటి చాలు. దానిమీద 120 నంబరు ఎమరీ కాగితం పరిచి, పైపుని నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె రాస్తున్నట్టు రుద్దాలి. ప్రతి పది రుద్దులకీ పైపుని పావు వంతు తిప్పాలి, లేకపోతే చేతి బరువు పడిన వైపు ఎక్కువ అరుగుతుంది. గీత చుట్టూ సమంగా చేరాక 220తో ముగింపు. చదును కావాల్సిన ప్రతి ముక్కా ఈ రాయిమీదికే వచ్చింది.

లెన్స్ కూర్చునే పీట కూడా అదే పైపులోంచి వస్తుంది. 40 మి.మీ. వెడల్పు రింగు ఒకటి, 25 మి.మీ. వెడల్పు రింగు ఒకటి కోసి, ఒక్కోదాంట్లో కొంత నిలువు ముక్క తీసేస్తే రింగు ముడుచుకుని అదే పైపు లోపల దూరుతుంది. ఎంత తీయాలంటే, 90 నుంచి 84.4కి వ్యాసం 5.6 తగ్గాలి, దాన్ని 3.14తో గుణిస్తే 17.6 మి.మీ. ఒకేసారి 17.6 కోయకుండా 16 కోసి ఆకురాయితో చివరి కొలతకి తీసుకురావాలి. ఎక్కువ తీస్తే రింగు వదులు, తక్కువ తీస్తే ఒక పక్క ఉబ్బుతుంది. ముడుచుకున్న రింగు లోపలి వ్యాసం 78.8 అవుతుంది. 80 మి.మీ. లెన్స్‌కి చుట్టూ 0.6 మి.మీ. అంచు మాత్రమే ఆధారం. చాలా సన్నం అనిపిస్తుంది కానీ చాలు. అయితే ఆ లోపలి మూలని నున్న చేయాలని ఆకురాయి పెట్టొద్దు, ఉన్న కాస్త ఆధారం పోతుంది.

ముడిచినప్పుడు రింగు రెండు కొసలూ మెట్టులా కలుస్తాయి. దాంతో చదును పోతుంది. అందుకే వెడల్పు రింగుని మిగిలిన పైపు ముక్కలో దూర్చి, ఒక మిల్లీమీటరు బయటికి ఉంచి, ముక్కతో సహా గ్రానైట్ మీద రుద్దాను. పైపు ముక్క గోడ రింగుని నిలువుగా పట్టి ఉంచుతుంది కాబట్టి రింగు ముఖం పైపుకి సరిగ్గా అడ్డంగా వస్తుంది. మొత్తం టెలిస్కోప్‌లో ఇంత ముఖ్యమైన అరగంట పని మరొకటి లేదు.

వెడల్పు రింగుని పైపులోకి దించి, బయటినుంచి 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు చిన్న మరలతో నిలపాలి. దానిమీద లెన్స్, లెన్స్ ముందు 25 మి.మీ. రింగు. లెన్స్ పక్కలకి, పైపు గోడకి మధ్య 2.2 మి.మీ. ఖాళీ ఉంటుంది. పిల్లల క్రాఫ్టు పనులకి అమ్మే 2 మి.మీ. నల్ల ఫోమ్ షీటు నుంచి మూడు ముక్కలు కోసి అక్కడ పెడితే 0.2 మి.మీ. గాలి మిగులుతుంది. అది ఉండాలి. ముందు రింగుకీ లెన్స్‌కీ మధ్య కూడా రెండు మామూలు తెల్లకాగితాల మందం, అంటే సుమారు 0.2 మి.మీ., వదలాలి. కాగితపు పట్టీలు మధ్యలో పెట్టి రింగు మరలు బిగించి, తర్వాత పట్టీలు లాగేయడమే. గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే లెన్స్ టిక్కుమని చిన్న చప్పుడు చేయాలి.

మొదటిసారి నేను ఆ చప్పుడు రాకూడదనుకుని బిగించాను. నక్షత్రాలు మూడు మూలలతో త్రికోణాల్లా కనిపించాయి. గాజుమీద మూడుచోట్ల ఒత్తిడి పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది, బొమ్మ మాత్రం ఆ వంపుని దాచదు. పైగా పీవీసీ వేడికి సాగుతుంది, చల్లబడితే కుదించుకుంటుంది. గాజు అంతగా కదలదు. మేలో మధ్యాహ్నం సరిగ్గా బిగిసిన రింగు జనవరి తెల్లవారుజామున పదో వంతు మిల్లీమీటరు ముడుచుకుని లెన్స్‌ని నొక్కుతుంది. ఆ 0.2 మి.మీ. ఖాళీ దానికోసమే.

గొట్టం పొడవు లెక్క ఇలా. లెన్స్ నుంచి ఫోకస్‌కి 905. చూపుని 90 డిగ్రీలు తిప్పే డయాగనల్ అద్దం 70 మి.మీ. దారి తినేస్తుంది, మిగిలేది 835. ఫోకస్ గొట్టం బయటికి రావడానికి సగటున 60, అది జారే పైపు వెనక్కి పొడుచుకువచ్చేది 50. అవి పోతే లెన్స్ నుంచి వెనక ఎండ్ క్యాపు దాకా 725. ముందు రింగుకీ లెన్స్ మందానికీ ఇంకో 40. అంటే 765. నేను 790కి కోసి, చంద్రుడి మీద ఫోకస్ చూసుకుంటూ రెండుసార్లు తగ్గించాను. పొడుగుంటే కోయొచ్చు, పొట్టిదైతే ఏం చేయలేం. 50 మీటర్ల దూరంలో కొబ్బరిచెట్టు మీది పిట్టని చూడాలన్నా గొట్టం మరో 17 మి.మీ. వెనక్కి రావాలి, ఆ జాగా కూడా వదులుకోవాలి.

ఫోకసర్ కొనుక్కోవచ్చు. నేను పైపులతోనే చేశాను, అది చేయడంలో పొలం పని తెలిసినవాళ్ల చిట్కా ఒకటి కలిసొచ్చింది. కాలర్ లేనప్పుడు రైతులు పైపు కొసని మంటమీద మెత్తబరిచి దాంట్లోకి ఇంకో పైపు నెట్టి అతుకేస్తారు కదా, అదే పని. ఐపీస్ కాడ వ్యాసం 31.75 మి.మీ. మన 32 మి.మీ. పైపు బయటి వ్యాసం 32. కాబట్టి ఒక 32 పైపు కొసలోకి ఇంకో 32 పైపుని నెడితే వచ్చే గూడు ఐపీస్‌కి కొలిచి చేసినట్టు సరిపోతుంది. మంటమీద పైపు ఒకవైపు మాడి ఇంకోవైపు గట్టిగా ఉంటుంది కనుక నేను మరిగే నీళ్లు వాడాను. కొసని 40 మి.మీ. లోతు ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. నెట్టాల్సిన ముక్క కొసని వాలుగా చెక్కి సబ్బు రాసి, మందపాటి గుడ్డతో పట్టుకుని 35 మి.మీ. లోపలికి నెట్టి, పూర్తిగా చల్లారాక తిప్పుతూ లాగేయాలి. వేడిగా ఉండగా లాగితే గూడు ముడుచుకుపోతుంది. ఐపీస్ బిగుతుగా ఉంటే మళ్లీ కాచి, నెట్టే ముక్కకి ఒక చుట్టు సెలోటేపు వేసి నెట్టాలి. గూడు పక్కన చిన్న రంధ్రం చేసి దానిమీద ఎం4 నట్టు ఒకటి ఆరల్డైట్‌తో అతికిస్తే, బోల్టు తిప్పి ఐపీస్‌ని పట్టి ఉంచొచ్చు. పైపు గోడలోనే మర కోస్తే నెల తిరక్కుండా అరిగిపోతుంది.

200 మి.మీ. పొడవున్న ఈ 32 పైపు 150 మి.మీ. పొడవున్న 40 మి.మీ. పైపులో జారుతుంది. మధ్య ఖాళీకి మళ్లీ పాత చిట్కానే: గోడ 2 మి.మీ. ఉన్న 40 పైపు ఎంచుకుంటే, దాని రింగుల్ని ముడిచి దాంట్లోనే దూర్చినప్పుడు లోపలి వ్యాసం సరిగ్గా 32కి వస్తుంది. 30 మి.మీ. వెడల్పు రింగులు రెండు, రెండు కొసల్లోనూ. ఒక్కటే పెడితే డయాగనల్ బరువుకి గొట్టం తల వాలుస్తుంది. కొవ్వొత్తి రుద్దితే మెత్తగా జారుతుంది. ఈ లెన్స్‌కి ఫోకస్ అటూ ఇటూ 0.15 మి.మీ. దాకా కదిలినా కంటికి తేడా తెలియదు. చేత్తో నేరుగా లాగితే అంత సన్నగా ఆపలేం, మెలితిప్పుతూ లాగితే ఆగుతుంది.

40 పైపుని ప్రధాన గొట్టానికి కలపడానికి 90 మి.మీ. ఎండ్ క్యాపు మధ్యలో 40 రంధ్రం కావాలి. వడ్రంగి దగ్గర హోల్‌సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) ఉంటే ఐదు నిమిషాల పని. పైపు 50 మి.మీ. బయట, 100 లోపల. లోపలి కొసకి 12 మి.మీ. ప్లైవుడ్ బిళ్ల, వ్యాసం 82, మధ్యలో 40 రంధ్రం. గొట్టం బయటినుంచి మూడు ఎం4 బోల్టులు ఈ బిళ్ల అంచుని మూడు వైపులా నొక్కి పట్టుకుంటాయి. ఒకటి వదులు చేసి ఇంకోటి బిగిస్తే ఫోకసర్ చూపు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఎండ్ క్యాపు రంధ్రం అర మిల్లీమీటరు వదులుగా ఉంచింది ఈ సర్దుబాటు కోసమే. ఎండ్ క్యాపుకి పైపులు అంటించే సొల్యూషన్ పూయొద్దు, మూడు మరలు చాలు. మళ్లీ విప్పాల్సి వస్తుంది, తప్పదు.

లోపలి చీకటి. బూడిదరంగు పీవీసీ గోడ నున్నగా ఉంటుంది, వీధిదీపం వెలుతురు ఏటవాలుగా పడితే అద్దంలా మెరుస్తుంది. నల్ల రంగు వేసినా ఆ వాలు చూపుకి మెరుపు మిగులుతుంది. అందుకే ముందు 60 నంబరు కాగితం చుట్టిన కర్రతో లోపలంతా గీకి, నల్లబల్లలకి వేసే పెయింటులో జల్లించిన సన్నటి రంపపు పొట్టు కలిపి పూశాను. ఆపైన మూడు అడ్డుబిళ్లలు, నల్ల ఫోమ్ షీటువి, మధ్యలో రంధ్రాలతో. లెన్స్ నుంచి 250 మి.మీ. దూరంలో 65 మి.మీ. రంధ్రం, 450 దగ్గర 52, 620 దగ్గర 42. లెన్స్ నుంచి ఫోకస్‌కి సన్నబడుతూ వెళ్లే వెలుతురు (మధ్యలోని ఒక్క చుక్కది కాదు, చూపు మొత్తానిది) ఆ దూరాల్లో ఎంత వెడల్పు ఉంటుందో లెక్కగట్టి, ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఇచ్చిన కొలతలివి. రంధ్రం చిన్నదైతే లెన్స్ అంచుని మనమే మూసేసుకున్నట్టు. ఫోకసర్ ఖాళీగా ఉంచి లోపలికి తొంగిచూస్తే లెన్స్ అంచు చుట్టూ పూర్తిగా కనిపించాలి, గోడ మాత్రం ఎక్కడా కనిపించకూడదు.

పెయింట్ చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు. రెండు రోజులకే లెన్స్ బిగిస్తే, పగటి వేడికి లోపల ఆవిరి లేచి గాజు వెనక సన్నటి పొర కట్టింది. గొట్టాన్ని వారం పదిరోజులు రెండు కొసలూ తెరిచి గాలికి ఉంచాలి. క్షణాల్లో అతుక్కునే గమ్‌లు లెన్స్ దరిదాపుల్లో వాడనే వాడొద్దు, వాటి ఆవిరి తెల్లటి మరకై కోటింగు మీద కూర్చుంటుంది.

అమరిక సరిచూడటానికి రెండు పనులు, ఈ వరసలోనే. మొదట లెన్స్ తీసేసి, గొట్టం ముందు రెండు దారాలు అడ్డంగా నిలువుగా కట్టి, ఐపీస్ గూట్లో 2 మి.మీ. రంధ్రం ఉన్న మూత పెట్టి చూడాలి. ఫోకస్ గొట్టం గుండ్రటి అంచు మధ్యలో దారాల కూడలి కనిపించేదాకా ఆ మూడు బోల్టులు సర్దాలి. తర్వాత లెన్స్ పెట్టి, ముందు మూత మూసి, 32 పైపు ముక్కతో చేసిన చిన్న సాధనం గూట్లో పెట్టాలి: లోపల ఏటవాలుగా తెల్ల అట్ట, దాని మధ్య 3 మి.మీ. రంధ్రం, పక్కన కిటికీ. కిటికీలోంచి టార్చి వేస్తే అట్ట వెలుగు లెన్స్ ముఖాలమీద పడి, తెల్లటి వలయాలై తిరిగొస్తుంది. అవి ఒకదానిమీద ఒకటి కూర్చుంటే లెన్స్ నిటారుగా ఉన్నట్టే. ఒకటి పక్కకి జారితే, పీట రింగు మీద ఆ వైపో ఎదుటి వైపో ఒక పొర కాగితపు టేపు అంటించి మళ్లీ చూడాలి. ఒక పొర సుమారు 0.1 మి.మీ. మందం, 80 మి.మీ. మీద దాని వంపు నాలుగు ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం). నాకు రెండు పొరలు పట్టాయి.

స్టాండు విషయం క్లుప్తంగా. సరుగుడు కర్రలు చవక, నిటారుగా ఉంటాయి, కానీ పచ్చివి కొనొద్దు. నేను పచ్చి కర్ర కోయించాను, ఎండేకొద్దీ మెలిపడి ఒక కాలు పక్కకి తిరిగింది. మూడు నెలలు నీడన ఆరినవి మేలు. కాళ్ల మధ్య కింద గ్రానైట్ ముక్కల సంచి వేలాడదీస్తే అదురు తగ్గుతుంది. గొట్టం పైకీ కిందికీ తిరగడానికి రెండు పక్కలా 110 మి.మీ. ఎండ్ క్యాపులు, అవి కూర్చునే ప్లైవుడ్ గాళ్లలో సన్‌మైకా ముక్కలు. గొట్టం తూకం చూసేటప్పుడు డయాగనల్, ఐపీస్ పెట్టే చూడాలి, లేకపోతే తిరిగే కేంద్రం ముందుకి జరిగిపోతుంది. 90 రెట్ల దగ్గర గొట్టాన్ని వేలితో తట్టితే బొమ్మ రెండు మూడు సెకన్లలో నిలవాలి.

సూర్యుడి వైపు ఈ గొట్టం తిప్పకూడదు. 80 మి.మీ. లెన్స్ కూడగట్టిన ఎండ కంటిని అక్కడికక్కడే పోగొడుతుంది. ఐపీస్‌కి బిగించే నల్ల ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని నమ్మొద్దు. పగలు వరండాలో పెట్టినా ముందు మూత వేసే ఉంచాలి, పిల్లలున్న ఇంట్లో అయితే ఐపీస్ తీసేయాలి.

సముద్రం దగ్గరగా ఉన్న మనకి మంచు, ఉప్పుగాలి రెండూ ఉన్నాయి. కొత్తపట్నం ఒడ్డున జనవరి రాత్రి అరగంటలో లెన్స్ మసకబారుతుంది. 110 పైపుతో 160 మి.మీ. పొడవు తొడుగు చేసి లెన్స్ ముందు తొడిగితే మూడు గంటలు ఆగుతుంది. మసకబారినప్పుడు గుడ్డతో తుడవకూడదు, ఉప్పు గరుకుకి కోటింగు గీతలు పడుతుంది. ఇంట్లోకి తెచ్చి ఫ్యాను గాలికి పెడితే దానంతటదే పోతుంది. ఆరాకే మూత వేసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని పెట్టెలో ఉంచాలి. తడిమీద మూత వేస్తే వానాకాలం ముగిసేసరికి గాజుల మధ్య బూజు పడుతుంది, దాన్ని తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి మబ్బు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం బాగుంటుంది. కనిగిరి, మార్కాపురం వైపు గాలి పొడిగా ఉంటుంది, మంచు బెడద తక్కువ.

నక్షత్రంతో చివరి పరీక్ష. ధ్రువనక్షత్రం కదలదు కాబట్టి దానిమీద చేయమంటారు కానీ ఒంగోలు నుంచి అది పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కింది గాలి కదలికకి వలయాలు ఉడుకుతూ కనిపిస్తాయి. నడినెత్తికి దగ్గరగా ఉన్న మధ్యరకం వెలుగు నక్షత్రం మేలు. 10 మి.మీ. ఐపీస్‌తో 90 రెట్లు, చూపు వెడల్పు సుమారు 33 ఆర్క్ నిమిషాలు. నక్షత్రం దాన్ని రెండు నిమిషాల్లో దాటేస్తుంది, చూస్తూ గొట్టం జరుపుకోవాలి. ఫోకస్ కొంచెం లోపలికీ కొంచెం బయటికీ జరిపితే నక్షత్రం వలయాలుగా విచ్చుకుంటుంది. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే సరే. తోకలా ఒక పక్కకి సాగితే లెన్స్ వంగి ఉంది, టేపు పొరలకి తిరిగి వెళ్లాలి. త్రికోణమైతే ముందు రింగు వదులు చేయాలి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తులో ఉంటుంది. పెళ్లిలో చూపించే వశిష్ఠుడు, అరుంధతి మామూలు కంటికి 12 ఆర్క్ నిమిషాల ఎడంతో కనిపిస్తారు. 25 మి.మీ. ఐపీస్‌తో 36 రెట్లకే వశిష్ఠుడు మళ్లీ రెండుగా విడిపోతాడు, వాటి మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను). 10 మి.మీ. ఐపీస్‌కి మారితే ఆ చిన్న ఎడమే, మామూలు కంటికి వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య అగుపడే ఎడం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మూడు చుక్కలూ ఒకే చూపులో ఉంటాయి. రెండు చుక్కల మధ్య నలుపు శుభ్రంగా ఉండి, ఒక్కో చుక్క చుట్టూ వెంట్రుక లాంటి వలయం నిలకడగా కనిపించిన రాత్రి నుంచి నేను ఆ మూడు బోల్టుల జోలికి వెళ్లలేదు.